వేడినీళ్లు విలాసం కాదు: హాస్టల్‌కో కట్టెల బాయిలర్



మన వార్షికోత్సవ సంచికలో ఏటా చదువు గురించీ, క్రమశిక్షణ గురించీ, జీవిత లక్ష్యాల గురించీ రాస్తుంటాం. అవన్నీ అవసరమే. ఈసారి నేను మాత్రం ఒక చిన్న విషయం గురించి రాయదలచుకున్నాను. చిన్నదని అందరూ అనుకోబట్టే అది ఇన్నేళ్లుగా అలాగే ఉండిపోయింది. కార్తీకం వెళ్లిన దగ్గర్నుంచి, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయేదాకా, తెల్లవారుజామున మన పిల్లల ఒంటి మీద పడే బకెట్టు నీళ్ల విషయం అది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చలి ప్రాంతాల్లో ఉన్న ప్రతి హాస్టల్లోనూ స్నానానికి వేడినీళ్లు ఉండాలి. ఎండ కాసే చోట సోలార్ పెట్టాలి. దానికి తోడుగా, పొగగొట్టం ఉన్న మంచి కట్టెల బాయిలర్ ఒకటి ఉండాలి. ఆ కట్టెలు మోసే పని పిల్లల మీద పడకూడదు. ఆ పొగ కామాటి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఈ మాటలు విడివిడిగా కాదు, అన్నీ కలిపి అడగాలి.

చలి అందరికీ ఒకటి కాదు

విజయవాడలోనో రాజమండ్రిలోనో చదువుకున్నవారికి ఈ విషయం అంత పెద్దదిగా కనిపించకపోవచ్చు. ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో లంబసింగి ఉంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రిపూట బయట ఉన్న మనిషి తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంటారు. ఇప్పుడు ఆ చలిని చూడ్డానికి నగరాల నుంచి కార్లేసుకుని వస్తున్నారు. మంచులో ఫొటోలు దిగి, లాడ్జికి వెళ్లి గీజర్ కింద స్నానం చేసి తిరిగి వెళ్తున్నారు. అదే చలిలో, ఆ చుట్టుపక్కల హాస్టళ్లలోనూ ఆశ్రమ పాఠశాలల్లోనూ ఉన్న పిల్లలు ఐదింటికి లేచి స్నానం చేసి స్టడీ అవర్‌కు కూర్చోవాలి. చలి అక్కడ ఎవరికి వినోదం, ఎవరికి శిక్ష అన్నది ఆలోచించాల్సిన సంగతి.

"చన్నీళ్లు ఆరోగ్యానికి మంచివే కదా?"

ఈ మాట చాలామంది పెద్దలు అంటారు. చన్నీళ్లతో ఒళ్లు గట్టిపడుతుందంటారు. కార్తీక స్నానాలు చేసేవారు, అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చన్నీళ్లు పోసుకునేవారు మన ఇళ్లలోనే ఉన్నారు. వారిని నేను గౌరవిస్తాను. కానీ వారు కోరి చేస్తున్నారు. దీక్ష ముగిశాక మళ్లీ వేడినీళ్లకు వస్తారు. పదకొండేళ్ల పిల్లాడికి అలా ఎంచుకునే వీలు లేదు. వాడికి ఉన్నది రెండే దారులు: వణుకుతూ చన్నీళ్లు పోసుకోవడం, లేదా ముఖం కడుక్కుని తల దువ్వుకుని స్నానం చేసినట్టు నటించడం. చలికాలంలో మన హాస్టళ్లలో ఎక్కువమంది ఎంచుకునేది రెండో దారేనని ఇక్కడ చదువుకున్న ఎవరినడిగినా చెబుతారు.

దాని ఫలితం చర్మం మీద కనిపిస్తుంది. గజ్జి ఒకరి నుంచి ఇంకొకరికి ఒంటి తాకిడితో పాకుతుంది. ఒకే గదిలో ముప్పై నలభై మంది పక్కపక్కన పడుకునే చోట అది వారాల్లో అందరినీ చుట్టేస్తుంది. ఒక్కమాట స్పష్టంగా చెప్పాలి: స్నానంతోనే గజ్జి పోదు. గదిలో ఉన్నవారందరికీ ఒకేసారి మందు రాయాలి, దాంతోపాటు దుప్పట్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకాలి. 50 డిగ్రీలు దాటిన వేడిలో పది నిమిషాలుంటే గజ్జి పురుగులు చచ్చిపోతాయి. హాస్టల్లో వేడినీళ్ల ఏర్పాటే లేకపోతే ఆ దుప్పట్లు ఎక్కడ ఉతకాలి? మందు రాసిన పిల్లాడే మళ్లీ ఆ దుప్పట్లోనే పడుకుంటాడు. నెల తిరక్కుండా మళ్లీ గోక్కుంటూ కూర్చుంటాడు. పాఠం మీద మనసు నిలవదు. అందుకే ఈ విషయాన్ని సౌకర్యం అనే పద్దులో వేయడం తప్పు. ఇది ఆరోగ్యం, చదువు అనే పద్దుల్లోకి వస్తుంది.

కాగుకూ బాయిలర్‌కూ తేడా

వేడినీళ్లు అనగానే మనకు గుర్తొచ్చేది మూడు రాళ్ల మీద పెద్ద కాగు, దాని కింద కట్టెలు. నేను చదువుకున్న హాస్టల్లోనూ అదే ఉండేది. చలికాలం వస్తే ఆదివారం ఆదివారం "కట్టెల వంతు" ఉండేది. ఆరు, ఏడు తరగతుల పిల్లలం తుమ్మపొదల్లోకి వెళ్లి, కాళ్లకూ చేతులకూ ముళ్లు గుచ్చుకుంటూ ఎండుపుల్లలు ఏరుకొచ్చేవాళ్లం. తీరా పొద్దున్నే నీళ్లు కాగాక మొదటి బకెట్లు పదో తరగతి అన్నలవి, తర్వాతవి తొమ్మిదివారివి. కట్టెలు తెచ్చిన చిన్నపిల్లల దగ్గరికి వచ్చేసరికి కాగు అడుగున మసినీళ్లే మిగిలేవి. ఆ అన్నలు చెడ్డవాళ్లని కాదు. వంద మందికి ఇరవై మందికి సరిపడా వేడినీళ్లుంటే బలమున్నవాడికే దక్కుతాయి. సరిపడా ఉంటే ఎవరూ ఎవరినీ తోసుకోరు.

ఆ కాగు ఎందుకు సరిపోదో చూద్దాం. మూడు రాళ్ల పొయ్యిలో మంట చుట్టూ ఖాళీ. వేడిలో ఎక్కువ భాగం గాలికి పోతుంది. కట్టెలో ఉన్న శక్తిలో 10 నుంచి 15 శాతం వరకే నీళ్లకు అందుతుంది.

బాయిలర్‌లో ఇది తారుమారవుతుంది. మన ఊళ్లలో పాత ఇళ్లలో ఉండే రాగి బాయిలర్ మీలో చాలామంది చూసే ఉంటారు. మధ్యలో నిలువు గొట్టం, ఆ గొట్టంలో మంట, కింద ఇనుప జల్లెడ, దాని కింద బూడిద పెట్టె. గొట్టం చుట్టూ నీళ్లు. పైన గరాటాలో చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుగుకు పోయి, పైనున్న వేడినీళ్లను ముక్కులోంచి బయటికి తోస్తాయి. కాగులో నీళ్ల కింద మంట ఉంటే, బాయిలర్‌లో మంట చుట్టూ నీళ్లుంటాయి. తేడా అంతా అక్కడే ఉంది.

ఇదే సూత్రంతో చలిదేశాల్లో ఇళ్లు మొత్తం వెచ్చబరుచుకుంటారు. ఐర్లండ్, బ్రిటన్ లాంటి చోట్ల హాల్లో ఒక ఇనుప కట్టెల పొయ్యి ఉంటుంది. దాని వెనకో చుట్టూరానో నీళ్ల తొట్టి అమర్చి ఉంటుంది. ఆ నీళ్లు వేడెక్కి గొట్టాల ద్వారా ప్రతి గదిలోని ఇనుప పలకల్లోకి వెళ్లి గదిని వెచ్చబరుస్తాయి. కుళాయిలోకీ అవే వేడిని ఇస్తాయి. మన దేశంలో కాశ్మీర్‌లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడ హమామ్ అనే గదిలో రాతిపలకల నేల కింద కట్టెలు మండిస్తారు. నేల వెచ్చగా ఉంటుంది, ఆ మంట మీదే రాగి పాత్రలో నీళ్లూ కాగుతాయి. ఒక మంటతో రెండు పనులు. చలిని ఎరిగిన ప్రజలు కట్టెను ఎంత పొదుపుగా వాడుకున్నారో చూడండి.

లెక్క వేసి చూద్దాం

సైన్సు పుస్తకంలో చదివిన కెలోరీ ఇక్కడ పనికొస్తుంది. వంద మంది పిల్లలు, మనిషికి 15 లీటర్ల బకెట్టు. నీళ్లు 15 డిగ్రీల దగ్గర ఉన్నాయి, 38 డిగ్రీలకు తేవాలి. ఒక్కో లీటరుకు 23 కిలో కెలోరీలు, బకెట్టుకు 345, వంద మందికి 34,500 కిలో కెలోరీలు.

బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 3,500 కిలో కెలోరీలు ఇస్తుంది. వేడి ఏమీ వృథా కాకపోతే 10 కిలోల కట్టె చాలు. కానీ మూడు రాళ్ల పొయ్యి మీద 65 నుంచి 100 కిలోలు కావాలి. 60 శాతం వేడిని పట్టుకునే మంచి బాయిలర్ అయితే 17 కిలోలతో పని అయిపోతుంది. చలికాలం మూడు నెలలకు లెక్కేస్తే ఒకచోట 6 నుంచి 9 టన్నులు, ఇంకోచోట ఒకటిన్నర టన్ను. చెట్టు మీద ప్రేమ ఉన్నవారు ఈ రెండు అంకెల మధ్య తేడా చూడాలి.

ఇదే పని కరెంటుతో చేస్తే రోజుకు 40 యూనిట్లు అవుతుంది. గ్యాసుతో చేస్తే రోజుకు ఐదు కిలోల పైనే. 19 కిలోల సిలిండర్ నాలుగు రోజులు కూడా రాదు. మెస్ చార్జీల్లోంచి ఏ వార్డెన్ గారూ ఇది భరించలేరు. అందుకే పిల్లలు దొంగచాటుగా హీటర్ రాడ్డు తెచ్చుకుని ఇనుప బకెట్లో వేస్తారు. తడి నేల, పాత వైరింగ్, చెప్పుల్లేని కాళ్లు: ఇవి మూడూ కలిసిన చోట రాడ్డు ప్రాణం తీస్తుంది. తమ్ముళ్లూ, చన్నీళ్లయినా పోసుకోండి గానీ ఆ రాడ్డు జోలికి వెళ్లకండి.

సోలార్ ఉండగా కట్టెలెందుకు?

ఇది న్యాయమైన ప్రశ్న. ఎండకు ఖర్చు లేదు, పొగ లేదు. ఎక్కడ పెట్టగలిగితే అక్కడ సోలార్ పెట్టాల్సిందే. మన లెక్క ప్రకారం వంద మందికి 60 డిగ్రీల నీళ్లు దాదాపు 800 లీటర్లు ఉంటే, చన్నీళ్లు కలుపుకుని అందరి స్నానాలూ అయిపోతాయి. 100 లీటర్లకు రెండు చదరపు మీటర్ల చొప్పున 16 చదరపు మీటర్ల పలకలు కావాలి. హాస్టల్ మిద్దె మీద అంత చోటు ఉంటుంది.

అయితే వేడినీళ్లు ఎక్కువ కావాల్సిన రోజుల్లోనే ఏజెన్సీలో పొద్దు బాగా ఎక్కేదాకా మంచు విడవదు. బోరునీళ్లలో సున్నం ఎక్కువగా ఉన్న చోట గొట్టాల్లో పొర కట్టి నీళ్లు సరిగా కాగవు. ఒక్క గొట్టం పగిలితే బాగుచేసేవాడు జిల్లా కేంద్రం నుంచి రావాలి. బాగుచేసే ఏర్పాటు లేకపోతే పెట్టిన పరికరం మిద్దె మీద బొమ్మలా మిగిలిపోతుంది. కట్టెల బాయిలర్‌కు వెల్డింగ్ షాపు మేస్త్రీ చాలు. అందుకే రెండూ కావాలంటున్నాను. ఎండ ఎంత వేడి ఇస్తే అంత తీసుకుని, మిగిలిన కొరత కట్టెతో పూడ్చుకోవాలి.

కట్టె అంటే అడవి నరకడమే కాదు. ఆదిలాబాద్ వైపు పత్తి ఏరడం అయ్యాక పత్తికట్టెను చేలల్లోనే తగలబెడుతున్నారు. కందికట్టె, మొక్కజొన్న బెండ్లు, కొబ్బరి చిప్పలు, రాయలసీమలోనూ కోస్తాలోనూ ఊళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ, ఇవన్నీ బాయిలర్ పొట్టలో పట్టేవే. ఊరి రైతు దగ్గర డబ్బిచ్చి కొంటే రైతుకూ నాలుగు రూపాయలు వస్తాయి.

ఒక్క నియమం మాత్రం మరవకూడదు: పచ్చికట్టె వాడకూడదు. అప్పుడే నరికిన కట్టెలో బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. ముందు ఆ నీళ్లను ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. వచ్చేది దాదాపు సగం వేడి, రెండింతల పొగ. ఇంగ్లండులో 2021 మే నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతం మించకూడదని చట్టమే చేశారు. ధనిక దేశం కూడా పచ్చికట్టె పొగను అంత తీవ్రంగా పట్టించుకుంటోంది. మనం ఎండాకాలంలోనే కట్టె కొని, రేకుల షెడ్డులో వాన తగలకుండా పేర్చుకుంటే చాలు.

పొగ ఎవరి వాటా?

హాస్టల్ గురించి రాస్తూ ఇంటి గురించి చెప్పకుండా ఉండలేను. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. మన అమ్మల వంటింట్లోకి గ్యాసు వచ్చింది. అది పెద్ద మార్పు. అయినా చాలా ఇళ్లలో వంట గ్యాసు మీద, స్నానానికి నీళ్లు మాత్రం పెరట్లో కట్టెల పొయ్యి మీద. గ్యాసు ఖరీదని అమ్మే అలా సర్దుకుంటుంది. అంటే ఇంటిల్లిపాదికీ వెచ్చదనం, అమ్మకు మాత్రం పొగ. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో ఎక్కువ భాగం మోసింది పేద ఇళ్లే.

కాబట్టి కట్టె వాడటం తప్పా ఒప్పా అన్నది కాదు నా ప్రశ్న. ఆ కట్టె ఎవరు మోస్తున్నారు, ఆ పొగ ఎవరు పీలుస్తున్నారు అన్నదే ప్రశ్న. పిల్లల చేత ఏరించిన కట్టెతో, కామాటి కళ్లల్లో నీళ్లు కార్పించే పొయ్యి మీద కాచిన నీళ్లు మనకు వద్దు. హాస్టల్లో ఒక మంచి బాయిలర్ పనిచేయడం చూసిన పిల్లాడు రేపు ఇంటికి వెళ్లి అమ్మ పొయ్యికి ఒక గొట్టం పెడతాడు. అది కూడా చదువే.

ఏం చేయాలి?

అధికారులకు, వార్డెన్ గార్లకు, మన పూర్వ విద్యార్థులకు నా సూచనలు ఇవి:

1. బాయిలర్ విడిగా, పడక గదులకు దూరంగా, గాలి ఆడే రేకుల షెడ్డులో ఉండాలి. పొగగొట్టం పైకప్పు దాటి పైకి వెళ్లాలి. నెలకోసారి అందులో మసి దులపాలి. మూసిన గదిలో కట్టె గానీ బొగ్గుల కుంపటి గానీ పెట్టి పడుకోవడం ప్రాణాపాయం. ఆ విషవాయువుకు వాసన ఉండదు.

2. బాయిలర్ కింద, నీళ్ల ట్యాంకు పైన ఉంటే వేడినీళ్లు వాటంతటవే పైకెక్కుతాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు. ట్యాంకు చుట్టూ వరిఊక దట్టంగా కూరినా వేడి నిలుస్తుంది. సాయంత్రం కాచిపెడితే తెల్లవారుజామున నాలుగింటికి ఎవరూ లేచి పొయ్యి ముందు కూర్చోనక్కర్లేదు.

3. ఆవిరి పోయే గొట్టం ఎప్పుడూ తెరిచే ఉండాలి. దాన్ని బిగించడం బాంబు తయారు చేయడంతో సమానం. నీళ్లు నింపకుండా మంట వెలిగించకూడదు.

4. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే పిల్లల చర్మాన్ని కాలుస్తాయి. వేడినీళ్ల కుళాయి నేరుగా పిల్లల చేతికి ఇవ్వకుండా, సిమెంటు తొట్టిలో చన్నీళ్లు కలిపాకే స్నానాల గదికి వదలాలి.

5. కట్టె ఖర్చుకు బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి. మెస్ చార్జీల్లోంచో కాస్మెటిక్ చార్జీల్లోంచో తీస్తే కూరో సబ్బో తగ్గుతుంది. పిల్లలను కట్టెలకు పంపకూడదన్న మాట నోటీసు బోర్డు మీద రాసి ఉండాలి.

6. తరగతుల వారీగా కాకుండా గదుల వారీగా స్నానాల వంతు వేయాలి. రోజూ ఒక గది ముందు, మరుసటి రోజు ఇంకో గది. చిన్నపిల్లలకు ఎప్పుడూ చివరి బకెట్టే మిగలకూడదు.

మన సంఘం చేయగలిగిన పని

షెడ్యూల్డ్ కులాల, తెగల, ఇతర బలహీన వర్గాల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణంలో చెప్పింది. మన హాస్టళ్లు నిలబడింది ఆ శ్రద్ధ మీదే. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లను బాబాసాహెబ్ అంబేద్కర్ దోసిట్లోకి తీసుకున్నది దాహం తీర్చుకోవడానికే కాదు. నీళ్ల దగ్గర మనిషికి మర్యాద ఉండాలని. మన పిల్లలకు ఇప్పుడు కుళాయి ఉంది, నీళ్లున్నాయి. డిసెంబరు తెల్లవారుజామున ఆ నీళ్లను భయపడకుండా ఒంటి మీద పోసుకోగలిగే మర్యాద కూడా ఉండాలని అడగడం అత్యాశ కాదు.

ప్రభుత్వాన్ని అడుగుదాం. అడుగుతూనే, పూర్వ విద్యార్థులం ఈ సంవత్సరం ఒక్క హాస్టల్లో ఒక్క బాయిలర్ పెట్టి చూపిద్దాం. ప్రతి వార్షికోత్సవానికి శాలువాలకూ పూలదండలకూ మెమెంటోలకూ పెట్టే ఖర్చు అటు మళ్లిద్దాం. మనలో పాలిటెక్నిక్ చదివినవారున్నారు, ఐటీఐ వెల్డర్లున్నారు, సివిల్ ఇంజనీర్లున్నారు, నర్సులున్నారు. చేయించడానికి బయటివారెవరూ అక్కర్లేదు. రోజుకు ఎన్ని కిలోల కట్టె పట్టింది, ఎంతమంది స్నానం చేశారు, గజ్జి ఎంతమందికి తగ్గింది అని పిల్లల చేతే ఒక నోటుబుక్కులో రాయిద్దాం. ఆ లెక్కలు చేతిలో పట్టుకుని వచ్చే ఏడాది జిల్లా అధికారి దగ్గరికి వెళ్దాం. వినతిపత్రం కంటే ఆ నోటుబుక్కుకే బలం ఎక్కువ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు కూడా మీ హాస్టల్లో చలికాలం స్నానాల పరిస్థితి ఏమిటో రాసి సంఘానికి పంపండి. ఏ హాస్టల్‌తో మొదలుపెట్టాలో మీ ఉత్తరాలు చూసే నిర్ణయిద్దాం.

— ఒక పూర్వ విద్యార్థి